బొమ్మ నడవడం ఎందుకంత కష్టం? స్టాప్ మోషన్‌లో ఒక్క అడుగు వెనకున్న వందేళ్ళ కథ

ఈ ఎపిసోడ్ నా ఓటమితో మొదలుపెడతాను.

పోయిన నెల మా అక్కవాళ్ళు ఇంటికొచ్చారు. వాళ్ళబ్బాయికి ఏడేళ్ళు. చేతిలో ఒక లెగో బొమ్మ పట్టుకొచ్చి, "మామయ్యా, నువ్వు వీడియోలు తీస్తావు కదా, దీన్ని నడిపించు" అన్నాడు. ఇదెంత పని అనుకున్నా. నాలుగు పుస్తకాలు పేర్చి ఫోన్ ఆనించా. ఒక ఫోటో, బొమ్మని కొంచెం జరపడం, ఇంకో ఫోటో. మూడు గంటలు కూర్చుని 60 ఫోటోలు తీశాను. సెకనుకి 15 ఫోటోల లెక్కన అది 4 సెకన్ల వీడియో. ప్లే చేసి గర్వంగా వాడికి చూపించా. వాడు రెండుసార్లు చూసి, "మామయ్యా, ఇది నడవట్లేదు. జారుతోంది" అన్నాడు.

నిజమే, జారుతోంది. నేలంతా నూనె పోసినట్టు. కాళ్ళు కదులుతున్నాయి, బొమ్మ ముందుకెళ్తోంది, కానీ ఆ రెండింటికీ సంబంధం లేదు. బీటెక్ చదివాను, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, ఒక ప్లాస్టిక్ బొమ్మతో నాలుగు అడుగులు వేయించలేకపోయాను. ఆ రాత్రి దీని వెనక కథ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అర్థమైంది, నాకంటే చాలా గొప్పవాళ్ళు కూడా ఇదే గోడకి తల కొట్టుకున్నారు. వందేళ్ళకి పైగా.

నడక అంటే పడిపోవడమే

ముందు బేసిక్స్. ఇప్పుడు లేచి నిలబడి ఒక అడుగు వేసి చూడండి. మీ బరువు ముందుకి వాలుతుంది. ఇంక పడిపోతారు అనే టైమ్‌కి ఒక కాలు వెళ్ళి పట్టుకుంటుంది. మళ్ళీ వాలడం, మళ్ళీ పట్టుకోవడం. అంటే మనం రోజంతా పడిపోతూ, పడిపోకుండా ఆపుకుంటూ ఉంటాం. ఏడాది వయసులో నేర్చుకుంటాం కాబట్టి గుర్తుండదు. చిన్నపిల్లలు ఎన్నిసార్లు పడితే ఆ విద్య వస్తుందో ఇంట్లో అమ్మని అడగండి.

దీన్ని కెమెరాతో ముక్కలు ముక్కలుగా చూపించినాయన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనవంతుడి గుర్రం పరిగెడుతుంటే, వరసగా పెట్టిన 12 కెమెరాలతో ఫోటోలు తీశాడు. గుర్రం దారిలో ఉన్న తీగల్ని తాకుతూ వెళ్తే కెమెరాలు వాటంతటవే క్లిక్ అయ్యాయి. తర్వాత మనుషుల మీద పడ్డాడు. నడిచేవాళ్ళు, మెట్లెక్కేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు. 1887లో వచ్చిన ఆయన సంకలనంలో 781 ప్లేట్లు ఉన్నాయి. ఇవాళ్టికీ యానిమేషన్ నేర్చుకునేవాళ్ళు వాటిని తెరుస్తారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. మామూలు నడకలో సెకనుకి దాదాపు రెండు అడుగులు. అంటే ఒక్కో అడుగుకి 12 ఫ్రేములు. ఒక్కో పోజుని రెండేసి ఫ్రేములు తీసినా, అడుగుకి ఆరు పోజులు పెట్టాలి. చేతితో, ఒక్కొక్కటిగా.

ఇక్కడ మూడు తలనొప్పులున్నాయి. ఒకటి, ఒంటి కాలి మీద ఉన్న పోజులో బొమ్మ పడిపోతుంది. మనం క్షణంలో దాటేస్తాం, బొమ్మ మాత్రం ఫోటో తీసేదాకా అలాగే నిలబడాలి. రెండోది, నేల మీదున్న పాదం ఒక్క మిల్లీమీటరు కదిలినా అడుగు జారినట్టు కనిపిస్తుంది. మూడోది నాలాంటి కోడింగ్ వాళ్ళకి గుండె ఆగే విషయం: అన్‌డూ లేదు. కాగితం మీద బొమ్మలు గీసేవాళ్ళు ముందు ముఖ్యమైన పోజులు గీసుకుని, మధ్యలోవి తర్వాత నింపుకోవచ్చు. స్టాప్ మోషన్‌లో అలా కుదరదు. మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా వరసగా వెళ్ళాల్సిందే. 200వ ఫ్రేములో చెయ్యి తగిలి బొమ్మ పడితే మళ్ళీ మొదటికి.

చచ్చిన పురుగులతో మొదలు

ఈ సమస్యకి మొదట్లో దొరికిన అందమైన సమాధానం ఒకటుంది. అది కావాలని వెతికింది కూడా కాదు.

లాడిస్లాస్ స్టారెవిచ్ 1882లో మాస్కోలో పుట్టాడు. అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉన్న కౌనస్ అనే ఊరిలో మ్యూజియం చూసుకునేవాడు. ఆ ఊరు ఇప్పుడు లిథువేనియాలో ఉంది. కొమ్ముల్లాంటి దవడలుండే పెద్ద పేడపురుగుల్లాంటి కీటకాలు, వాటి కొట్లాటని సినిమా తీయాలనుకున్నాడు. కానీ అవి రాత్రిపూట తిరిగే జీవాలు. షూటింగ్ లైట్లు వేయగానే కదలడం మానేసేవి. ఏం చేశాడంటే, చచ్చిన పురుగుల కాళ్ళు, దవడలు తీసేసి, సన్న తీగలు, మైనంతో మళ్ళీ అతికించాడు. అవి కీళ్ళున్న బొమ్మలైపోయాయి. 1910లో వాటితో కొట్లాట తీశాడు. 1912లో 'కెమెరామన్ రివెంజ్' అని పురుగుల కుటుంబ కథే తీశాడు. మొగుడు, పెళ్ళాం, అక్రమ సంబంధం, దాన్ని దొంగచాటుగా షూట్ చేసే ఒక మిడత. వందేళ్ళ కిందట! ఆ సినిమాలు చూసినవాళ్ళలో కొంతమంది, ఎవరో సైంటిస్టు పురుగులకి ట్రైనింగ్ ఇచ్చాడని నమ్మారని చెబుతారు.

ఇక్కడ నాకు నచ్చిన పాయింట్ ఒకటుంది. పురుగుకి ఆరు కాళ్ళు. మామూలుగా నడిచేటప్పుడు మూడు కాళ్ళు గాల్లో ఉంటే మూడు నేల మీద ఉంటాయి. మూడు కాళ్ళ పీట ఎక్కడ పెట్టినా నిలబడుతుంది కదా, అలా. పడిపోవడం అనే మొదటి సమస్య ఆయన హీరోలకి చాలావరకు లేదు. అసలు పరీక్ష రెండు కాళ్ళవాళ్ళతోనే.

మన దేశంలోనూ ఆ రోజుల్లోనే ఒకాయన ఈ ఆట ఆడాడు. దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లల్ని కదిలిస్తూ చిన్న ఫిల్మ్ తీశాడు. మన మొదటి సినిమా తీసిన మనిషి ఫోటో తర్వాత ఫోటో తీస్తూ అగ్గిపుల్లలు జరుపుతూ కూర్చున్నాడని తెలిసినప్పుడు, మూడు గంటలు వృథా చేశానన్న నా బాధ కొంచెం తగ్గింది.

టేబుల్‌కి చిల్లులు పెట్టండి

రెండు కాళ్ళ బొమ్మని ఎలా నిలబెట్టాలి? హాలీవుడ్ సమాధానం కార్పెంటర్ సమాధానం. టేబుల్‌కి చిల్లు పెట్టి, కింద నుంచి స్క్రూతో పాదాన్ని బిగించేయడం. దీన్ని టై డౌన్ అంటారు. అడుగు వేయాలంటే కింద దూరి ఒక పాదం స్క్రూ విప్పాలి, కాలు జరపాలి, కొత్త చిల్లులో బిగించాలి, బయటికొచ్చి ఫోటో తీయాలి. సినిమాలో మనం చూసే ఒక్క అడుగు వెనక టేబుల్ కిందికి ఇన్ని ప్రయాణాలు.

1933 నాటి 'కింగ్ కాంగ్' తీసుకోండి. తెర మీద ఆకాశమంత ఎత్తు. విల్లిస్ ఓబ్రయన్ చేతుల్లో ఉన్న బొమ్మ మాత్రం 18 అంగుళాలు, అంటే అడుగున్నర. మార్సెల్ డెల్గాడో అనే శిల్పి కీళ్ళున్న లోహపు అస్థిపంజరం మీద కండలు పేర్చి, పైన కుందేలు బొచ్చు తొడిగాడు. కదిపిన ప్రతిసారీ వేళ్ళు తగిలి ఆ బొచ్చు చెదిరేది. ఫ్రేములన్నీ కలిపి చూస్తే బొచ్చు గాలికి కదిలినట్టు అల్లాడుతుంది. టెక్నికల్‌గా అది బగ్. చూసినవాళ్ళు మాత్రం కాంగ్‌కి కోపమొచ్చి రోమాలు నిక్కబొడుచుకున్నాయి అనుకున్నారని కథ. బగ్ కాస్తా ఫీచర్ అయింది.

జార్జ్ పాల్ అనే హంగేరియన్‌ది ఇంకో దారి. బొమ్మ కాలు వంచడమే కష్టమైతే, అసలు వంచడమెందుకు? అడుగులోని ఒక్కో పోజుకి ఒక్కో కాళ్ళ జత చెక్కతో చెక్కించి, ఫ్రేము ఫ్రేముకీ మార్చేసేవాడు. 1940లలో ఆయన పప్పెటూన్స్ అనే చిన్న సినిమాల్లో ఒక్కోదానికి వేలల్లో బొమ్మలు చెక్కారు. మొబైల్ గేమ్స్ చేసేవాళ్ళకి ఇది తెలిసిన పనే, స్ప్రైట్ షీట్. తేడా ఏంటంటే, ఈ స్ప్రైట్‌లని ఉలితో చెక్కాలి.

కింగ్ కాంగ్ చూసి పిచ్చెక్కిన ఒక 13 ఏళ్ళ కుర్రాడు రే హ్యారీహౌసెన్. పెద్దయ్యాక ఓబ్రయన్ దగ్గరే పనిచేశాడు. 1963లో 'జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్' సినిమాలో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి. ఏడు బొమ్మలంటే ఏడు జతల కాళ్ళు, ఏడు జతల చేతులు. పైగా అవతల ఎప్పుడో షూట్ చేసేసిన నటుడి కత్తికి సరిగ్గా తగలాలి. సగటున రోజుకి 13 ఫ్రేములే అయ్యేవని ఆయనే చెప్పాడు. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తే అర సెకను. మొత్తం నాలుగున్నర నెలలు పట్టింది.

ఇంకో మాట. ఆ రోజుల్లో వాళ్ళకి ముందు ఫ్రేము చూసుకునే వీలే లేదు. నా ఫోన్ యాప్‌లో పాత ఫోటో నీడలా కనిపిస్తుంది, దాన్నిబట్టి బొమ్మని జరుపుతా. వాళ్ళకి స్టాండుకి బిగించిన ఒక లోహపు సూది ఉండేది. జరపకముందు బొమ్మ ముక్కు దగ్గర దాని మొన పెట్టి, జరిపాక ఎంత దూరం వచ్చిందో చూసుకోవడమే. ఏ చెయ్యి ఎటు వెళ్తోందో, ఏ కాలు ఎన్నో ఫ్రేములో ఉందో, అన్నీ తలలో గుర్తుపెట్టుకోవాలి. ఫిల్మ్ ల్యాబ్ నుంచి వచ్చాకే పాసా ఫెయిలా తెలిసేది.

ఏనుగుని చూసి నడక నేర్చిన యంత్రం

1980. 'స్టార్ వార్స్' రెండో సినిమా, 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'. మంచు మైదానంలో నాలుగు కాళ్ళ యుద్ధయంత్రాలు నడిచొస్తాయి, గుర్తుందా? వాటిని నడిపించినవాళ్ళలో ఫిల్ టిపెట్, జాన్ బెర్గ్ ముఖ్యులు. ఇంత బరువున్నది ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి వాళ్ళు ఏనుగు నడకని ఫిల్మ్ తీసుకుని పరిశీలించారు. మంచు కోసం బేకింగ్ సోడా వాడారు. వంటసోడా లాంటిదే. దాని మీద చెయ్యి పడితే గుర్తు పడుతుంది, పైనుంచి వంగి పనిచేయడం కుదరదు. అందుకని సెట్‌లోనే అక్కడక్కడా తలుపులు పెట్టారు. యానిమేటర్ కింద నుంచి తల బయటపెట్టి, బొమ్మని కదిపి, మళ్ళీ లోపలికి దిగి తలుపు మూసుకోవాలి. ఫోటో. మళ్ళీ పైకి.

ఆ నడకలో కొంచెం కుదుపు ఉంటుంది. స్టాప్ మోషన్‌కి అది పుట్టుకతో వచ్చిన లోపం. నిజంగా కదిలేదాన్ని కెమెరా తీస్తే కాస్త మసక వస్తుంది. మీ ఫోన్‌లో పరిగెత్తే కుక్కని ఫోటో తీసి చూడండి, తెలుస్తుంది. బొమ్మ మాత్రం ప్రతి ఫ్రేములో కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి ఆ మసక రాదు, కళ్ళకి టకటకా అనిపిస్తుంది. యంత్రానికి ఆ కుదుపు నప్పింది. ప్రాణమున్న జంతువుకి నప్పదు. అందుకే టిపెట్, ఆయనతో పనిచేసినవాళ్ళు 'డ్రాగన్‌స్లేయర్' కోసం గో మోషన్ అనే పద్ధతి వాడారు. బొమ్మకి కడ్డీలు తగిలించి, ఫోటో తీస్తున్న ఆ క్షణంలోనే కంప్యూటర్ మోటార్లతో కొంచెం కదిలిస్తారు. మసక వచ్చేసింది. ఆ సినిమా 1981లో విడుదలైంది. బొమ్మల నడకలో అంతకంటే మెరుగైనది అప్పటికి లేదు.

1993

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది.

'జురాసిక్ పార్క్' కోసం స్పీల్‌బర్గ్ మొదటి ప్లాన్ ఏంటంటే, పూర్తి శరీరంతో నడిచే డైనోసార్లని టిపెట్ గో మోషన్‌లో చేయాలి. ఈలోగా అదే ప్రాజెక్టులో కొందరు కంప్యూటర్ యానిమేటర్లు ఒక చిన్న టెస్ట్ చేశారు. ఏం టెస్టో తెలుసా? నడక. టీ రెక్స్ అస్థిపంజరం నడుస్తుంది, అంతే. స్క్రూలు లేవు, చిల్లులు లేవు, పడిపోవడం లేదు, కుదుపు లేదు. అన్‌డూ ఉంది. అది చూశాక ప్లాన్ మారిపోయింది. ఇరవై ఏళ్ళు చేతులతో నేర్చుకున్న విద్య. ఇక తనే అంతరించిపోయాను అన్న అర్థంలో టిపెట్ అన్న మాటని స్పీల్‌బర్గ్ సినిమాలో ఒక డైలాగ్‌గా పెట్టేశాడు.

ఈ చోట నేను కొంచెం సేపు వీడియో పాజ్ చేసి కూర్చున్నా. కారణం చెప్తాను. నా మొదటి ఉద్యోగం మాన్యువల్ టెస్టింగ్. మా టీంలో ఆరుగురం. ఒకరోజు ఆటోమేషన్ టూల్ వచ్చింది. మేం రెండు రోజులు చేసే పని అది నలభై నిమిషాల్లో చేసింది. డెమో రోజు అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. మూడు నెలల తర్వాత ఆరుగురిలో ఇద్దర్ని ఉంచారు. ఆ ఇద్దరిలో నేను లేను. ఈ ఛానల్ అలా మొదలైంది.

సరే, టిపెట్ సంగతి. ఆయన్ని పంపేయలేదు. డైనోసార్ల కదలికకి సూపర్‌వైజర్‌గా ఉంచారు. ఎందుకంటే కంప్యూటర్‌కి కాలు కదపడం వచ్చు, అంత బరువున్న జంతువు కాలు ఎప్పుడు ఆగాలో, నేలకి తగిలాక శరీరం ఎంత కుంగాలో, తల ఎంత ఆలస్యంగా తిరగాలో అది చెప్పదు. ఆయన మనుషులు ఒక పరికరం తయారుచేశారు. చూడ్డానికి పాత స్టాప్ మోషన్ అస్థిపంజరమే, కానీ కీళ్ళల్లో సెన్సర్లు. యానిమేటర్ ఎప్పటిలాగే చేత్తో కదిపితే, కంప్యూటర్‌లో డైనోసార్ కదులుతుంది. మౌస్ పట్టుకోవడం రాని చేతుల కోసం కంప్యూటరే బొమ్మ వేషం వేసుకుంది అనుకోండి. కంప్యూటర్ యానిమేటర్లు కూడా ఇటువైపు వచ్చారు. శరీరం బరువేంటో తెలియడానికి మైమ్ క్లాసులకి వెళ్ళారు.

1994 మార్చిలో ఆస్కార్ రాత్రి. విజువల్ ఎఫెక్ట్స్ అవార్డు జురాసిక్ పార్క్‌కి, అందుకున్న నలుగురిలో టిపెట్ ఒకడు. అదే విభాగంలో ఓడిపోయిన సినిమాల్లో ఒకటి 'ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్', పూర్తి స్టాప్ మోషన్ సినిమా. అంతటితో అయిపోలేదు. అదే రాత్రి యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ అవార్డు 'ది రాంగ్ ట్రౌజర్స్'కి వచ్చింది. నిక్ పార్క్ తీసిన మట్టిబొమ్మల సినిమా. దాని కథేంటో తెలుసా? వాటంతటవే నడిచే ఒక యాంత్రిక ప్యాంటు! స్టాప్ మోషన్ చచ్చిపోయింది అనుకున్న ఏడాదిలోనే, నడక మీద తీసిన స్టాప్ మోషన్ సినిమా ఆస్కార్ కొట్టింది.

ఇక్కడ "చూశారా, టాలెంట్ ఎప్పుడూ గెలుస్తుంది" అని ముగిస్తే వీడియోకి బాగుంటుంది. కానీ నేను అలా అనలేను. టిపెట్ పేరు మనకి తెలుసు. స్క్రూలు బిగించినవాళ్ళు, కీళ్ళు చేసినవాళ్ళు, వాళ్ళందరికీ సూపర్‌వైజర్ కుర్చీ రాలేదు. టూల్ వచ్చినప్పుడు నైపుణ్యం మిగులుతుంది, మనుషులందరూ మిగలరు. ఈ రెండూ నిజమే. ఏఐ గురించి ఎవరైనా మీకు ఒక్క సగమే చెప్తుంటే, రెండో సగం అడగండి.

మళ్ళీ లెగో దగ్గరికి

1973లో డెన్మార్క్‌లో ఇద్దరు పిల్లలు, కజిన్స్, తాతా నానమ్మల పెళ్ళి స్వర్ణోత్సవానికి సూపర్ 8 కెమెరాతో లెగో ఇటుకల సినిమా తీశారు. చంద్రుడి మీదికి ప్రయాణం. కాళ్ళు కదిలే లెగో మనిషి అప్పటికింకా పుట్టలేదు, అతను వచ్చింది 1978లో. నాలుగు సెంటీమీటర్ల ఎత్తు, మోకాళ్ళు లేవు, తొడ దగ్గర ఒక్క కీలు. 1989లో ఆస్ట్రేలియాలో లిండ్సే ఫ్లే ఏళ్ళ తరబడి కష్టపడి 'ది మ్యాజిక్ పోర్టల్' పూర్తిచేశాడు. 2000లో లెగో కంపెనీయే స్పీల్‌బర్గ్ పేరుతో, కంప్యూటర్‌కి పెట్టుకునే కెమెరాతో సహా ఒక సెట్ అమ్మింది. ఇంక ప్రపంచమంతా పిల్లలు మొదలుపెట్టారు.

ఇదంతా చదివాక మా మేనల్లుడి బొమ్మని మళ్ళీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశా. పాదాల కింద చిల్లులున్నాయి. ఇటుక మీది గుండ్రటి బుడిపెలకి అవి బిగుసుకుంటాయి. అదే టై డౌన్! హాలీవుడ్ టేబుల్‌కి చిల్లులు పెట్టి సాధించినది, ఈ బొమ్మకి పుట్టుకతోనే ఉంది. నేనేమో నున్నటి టేబుల్ మీద పెట్టి నడిపించా. జారక ఏం చేస్తుంది?

రెండో ప్రయత్నంలో బేస్‌ప్లేట్ మీద పెట్టాను. ఒక పాదం బిగిసి ఉండగా ఇంకో కాలు ముందుకి. బుడిపెకీ బుడిపెకీ మధ్య 8 మిల్లీమీటర్లు, దాన్నే అడుగు కొలతగా పెట్టుకున్నా. నేల మీదున్న పాదాన్ని, దాని వంతు అయ్యేదాకా ముట్టుకోలేదు. ఇంకో చిన్న విషయం: కాళ్ళు చాచినప్పుడు బొమ్మ నడుము కొంచెం కిందికి వస్తుంది, కాళ్ళు కలిసినప్పుడు పైకి లేస్తుంది. మొదటిసారి ఆ ఎత్తుపల్లాల్ని నేనే చేత్తో సరిచేసి తీసేశా, నీట్‌గా ఉండాలని. ఈసారి ఉంచాను. బరువు వచ్చింది.

చివరగా ఒక తమాషా. 2014లో 'ది లెగో మూవీ' వచ్చింది. మొత్తం దాదాపు కంప్యూటర్‌లోనే చేశారు. కంప్యూటర్ కాబట్టి ఆ బొమ్మలకి మోకాళ్ళు ఇవ్వొచ్చు, నున్నగా నడిపించొచ్చు. ఇవ్వలేదు. అసలు బొమ్మకి ఎన్ని కీళ్ళుంటే అన్నే. మసక తీసేశారు, కుదుపు ఉంచారు, ప్లాస్టిక్ మీద గీతలు, వేలిముద్రలు కూడా పెట్టారు. 1993లో కుదుపు లేదని కంప్యూటర్ గెలిచింది. 21 ఏళ్ళ తర్వాత అదే కంప్యూటర్, ఒక పిల్లాడు నేల మీద కూర్చుని చేసినట్టు కుదుపుగా కనిపించడానికి కష్టపడింది.

టిపెట్ కూడా ఊరుకోలేదు. ఎప్పుడో మొదలుపెట్టి పక్కన పడేసిన తన స్టాప్ మోషన్ సినిమా 'మ్యాడ్ గాడ్'ని మళ్ళీ తీసి, పూర్తిచేసి 2021లో బయటికి తెచ్చాడు. దాదాపు మూడు దశాబ్దాలు.

నా రెండో వీడియో మూడు సెకన్లే. నాలుగు గంటలు పట్టింది. ఫోన్ చేసి మేనల్లుడికి పంపించా. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది: "మామయ్యా, ఇప్పుడు నడుస్తున్నాడు. కానీ కుంటుతున్నాడు."

మూడోసారి తీస్తున్నా. ఈ వారం మీరూ ఒకటి తీయండి. ఇంట్లో ఏ బొమ్మైనా పర్లేదు. ఒకే ఒక్క నియమం: నేల మీదున్న పాదాన్ని ముట్టుకోవద్దు. ఎన్ని అడుగులు వేయించగలిగారో కామెంట్‌లో చెప్పండి. జారినా పర్లేదు, చెప్పండి. మళ్ళీ కలుద్దాం.